నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్

చిత్తూరు జిల్లా ఐరాలను ప్రపంచ పటంలో పెట్టే పని ఇక ప్రపంచానికి వదిలేది లేదని, తామే పూనుకుంటున్నామని ఎమ్మెల్యే గంగాధరం గారు ప్రకటించినప్పుడు చప్పట్లు మొదలుపెట్టింది బాలచంద్రే. పార్టీ మండల కన్వీనరు గనక ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో అతని చేతులకు తెలుసు. ఎమ్మెల్యే గారు అప్పుడే సింగపూరు అధ్యయన యాత్ర ముగించుకొని దిగారు. అక్కడి వీధులు చూశారు, వీధుల్లో చెత్త లేకపోవడమూ చూశారు. దీనికంతటికీ కారణం చదువేనని తిరుగు విమానంలోనే తేల్చేశారు.

"మన బిడ్డలు బీకాం, బీఎస్సీ అని అక్కడక్కడే తిరగతా ఉండారు. ఇంకమీదట మన కాలేజీలో గ్లోబల్ స్టడీస్ డిగ్రీ. చదువు చెప్పేదీ మేమే, ఉద్యోగం ఇచ్చేదీ మేమే," అన్నారు మైకులో.

మన కాలేజీ అంటే ఎమ్మెల్యే గారి తండ్రి పేరు మీద ట్రస్టు నడుపుతున్న కాలేజీ. దానికి స్వయంప్రతిపత్తి కూడా ఉంది. అంటే ప్రశ్నలిచ్చేది, పేపర్లు దిద్దేది, ఫలితాలు వదిలేది అంతా ఇంటి వ్యవహారమే. గ్లోబల్ స్టడీస్ అంటే ఏమిటని సభలో ఎవరూ అడగలేదు. చెప్పగలిగినవాళ్లు వేదిక మీద ఎవరూ లేరు గనక అదీ మంచిదే అయింది.

ప్రారంభోత్సవానికి రిబ్బను, ఫ్లెక్సీ, పూలదండలు సిద్ధమయ్యాయి గాని విద్యార్థులు సిద్ధం కాలేదు. కన్వీనరు కూతురే చేరకపోతే పరాయివాళ్లు ఎట్లా చేరతారని ఎమ్మెల్యే గారు ఒక్క మాట అన్నారు. బాలచంద్రకు ఆ ఒక్క మాట చాలు. కూతురు మహితకు అప్పటికే తిరుపతిలో బీకాం సీటు వచ్చింది. హాస్టలుకని కొత్త పరుపు కూడా కొనుక్కుంది. బాలచంద్ర ఆ పరుపు మీదే కూర్చొని గ్లోబల్ స్టడీస్ గొప్పతనం వివరించాడు.

"అది చదివితే ఏం ఉద్యోగం వస్తాది నాయనా?" అని అడిగింది మహిత.

"గ్లోబల్ ఉద్యోగం."

"అదే, ఏం పని చెయ్యాల?"

"పని సంగతి సార్ సూసుకుంటాడు. నువ్వు చదివేది సూడు."

చింతపండు గింజలు తీస్తున్న భార్య పంకజాక్షి తల ఎత్తకుండా, "సార్‌కు ఇద్దరు కొడుకులు ఉండారు గదా. వాళ్లు చేరినారా?" అంది.

"వాళ్లు బెంగళూరులో ఇంజనీరింగ్ చదవతా ఉండారు. అది అయిపోయినాక ఆలోచిస్తారంట," అన్నాడు బాలచంద్ర.

మహిత నలుగురిలో నాయన మాట పోతుందని చివరికి సరేనంది. పరుపు చుట్టి అటక మీద పెట్టారు.

కోర్సు ఘనంగా మొదలైంది. ఆటలు నేర్పే మోహన్ సార్ ఒకప్పుడు కబడ్డీ జట్టుతో శ్రీలంక వెళ్లొచ్చాడు. విదేశీ అనుభవం ఉన్నవాడు ఆయన ఒక్కడే గనక శాఖాధిపతిని చేశారు, ఇన్‌చార్జి ప్రిన్సిపాల్‌నీ చేశారు. అంతర్జాతీయ పర్యటన కింద ఆయన పిల్లల్ని తమిళనాడులోని వేలూరు తీసుకెళ్లి, సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర ఫోటో దిగి, భాషలో, ఆహారంలో తేడాలు గమనించామని నివేదిక రాశాడు. చిత్తూరు వాళ్లు ఆస్పత్రికైనా, పెళ్లి బట్టలకైనా పోయేది వేలూరుకే. పిల్లల్లో సగం మంది పుట్టిందే అక్కడ. పుట్టిన ఊరికి అంతర్జాతీయ పర్యటన చేసే భాగ్యం ఇంకే యూనివర్సిటీలోనూ దొరకదు.

కెరీర్ ప్లానింగ్ సెల్ అని ఒక గది కూడా పెట్టారు. దాని చైర్మన్ బాలచంద్ర. చదువయ్యాక ఏం చెయ్యాలని ఎవరడిగినా అతను ఒకటే దారి చూపేవాడు. ఎమ్మెల్యే గారి కార్యక్రమాలన్నిటికీ వచ్చి ముందు వరసలో నిలబడితే ఆయన కంట్లో పడతారు, పడ్డాక జీవితానికి ఢోకా ఉండదు. పిల్లలు కొన్నాళ్లు నిలబడ్డారు. తర్వాత గిరి పలమనేరులో మేనమామ ట్రావెల్స్‌లో చేరాడు. రాజశ్రీకి పెళ్లయింది. మిగతావాళ్లు తలో కాలేజీకి మారిపోయారు. ఆఖరి ఏడాదికి తరగతిలో మిగిలింది మహిత ఒక్కతే. ఆ ఏడాది హాజరు నూటికి నూరు శాతమని కాలేజీ కరపత్రంలో గర్వంగా వేసుకున్నారు.

మహిత తన ప్లానింగ్ తానే చేసుకుంది. శ్రీసిటీ వైపు జపాన్ కంపెనీలున్నాయి. జపాన్ మేనేజర్లకూ మన కార్మికులకూ నడుమ మాట అందించే మనుషులు కావాలి. ఆ సంగతి కనుక్కొని, ఫోన్లో పాఠాలు విని జపాన్ భాష నేర్చుకుంది. తల్లిని తోడు తీసుకొని చెన్నై పోయి పరీక్షలు రాసింది. తల్లీకూతుళ్లు చీరలకు పోయారనుకున్నాడు బాలచంద్ర. డిగ్రీ పరీక్షలయ్యాక ఒక కంపెనీ ఆమెను ఎంపిక చేసింది. డిగ్రీ పాసైన సర్టిఫికెట్ శుక్రవారం మధ్యాహ్నంలోగా పంపితే చాలు, ఉద్యోగం ఆమెదే. ఈ మాట నాయనకు చెప్పాలని రెండు మూడుసార్లు దగ్గరికి పోయింది. మీటింగ్ అయినాక చెప్పమన్నాడు. ఆ మీటింగ్ అవ్వనే లేదు.

మీటింగ్ ఎందుకంటే, మాజీ ఎమ్మెల్యే మునిరామయ్య చిత్తూరులో విలేకరుల్ని పిలిచి ఒక బాంబు వేశాడు.

"గ్లోబల్ స్టడీస్ అని బిడ్డల బతుకుల్తో ఆడుకుంటా ఉండాడు. చదివినోళ్లందరికీ ఉద్యోగాలు వచ్చినాయని కాణిపాకం స్వామి ముందర ప్రమాణం చెయ్యమను. శుక్రవారం పొద్దున నేనూ వస్తా."

గంగాధరం గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఈ సీమలో మైకు ముందు, అసెంబ్లీలో ఎవరేం చెప్పినా చెల్లుతుంది. తలస్నానం చేసి, తడిబట్టలతో కాణిపాకం వినాయకుడి ముందు నిలబడి చెప్పే మాట వేరు. ఎంత మొండివాడైనా అక్కడ బొంకడు. గర్భగుడిదాకా పోయి, కాళ్లు వణికి, చేసిన తప్పు ఒప్పుకొని తిరిగొచ్చినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అలాగని పోకుండా ఉంటే తప్పు ఒప్పుకున్నట్టే.

"నేను భయపడేవాణ్ణి కాదు. ఆయన ముందర మాత్రం అబద్ధం చెప్పను, అంతే," అన్నారు ఎమ్మెల్యే గారు, బాలచంద్రనూ మోహన్ సార్‌నూ తన గదికి పిలిపించుకొని. ఆ నిజాయితీకి బాలచంద్ర కళ్లు చెమర్చాయి.

"ఎంతమంది పాసైనారప్పా?" అని మోహన్ సార్‌ను అడిగారు.

"ఒకరే సార్. మన బాలచంద్ర కూతురు. ఫస్ట్ క్లాస్. రేపు రిజల్ట్ వదలాల," అన్నాడు మోహన్ సార్.

"ఆ పాపకు ఉద్యోగం ఉండాదా?"

ఇద్దరూ బాలచంద్ర వైపు చూశారు. "ఇంట్లోనే ఉండాది సార్," అన్నాడతను.

"పోనీ, ఆ పాపకే కాలేజీలో ఒక ఉద్యోగం ఇచ్చేస్తే సరిపోతాది గదా సార్?" అన్నాడు మోహన్ సార్.

"ఒకరికిస్తే రేపు అందరూ అడగతారు," అన్నారు ఎమ్మెల్యే గారు దూరదృష్టితో.

అప్పుడు బాలచంద్ర బుర్రలో ఉపాయం మెరిసింది. పార్టీలో ఇన్నేళ్ల సేవ ఊరికే పోలేదు.

"రిజల్ట్ ఇంకా వదల్లేదు గదా సార్. వదలకుంటే చదువు పూర్తి చేసినోళ్లు ఎవురూ లేనట్టే. పూర్తి చేసినోళ్లే లేకుంటే, వాళ్లలో ఉద్యోగం లేనోళ్లు కూడా లేనట్టే. అబద్ధం యాడ ఉండాది?"

గంగాధరం గారు లేచి వచ్చి అతన్ని కౌగిలించుకున్నారు. "ప్రమాణం అయినాక వదిలేస్తాం లేప్పా. నీ పాప నాకు పాప కాదా?" అన్నారు.

ఆ సాయంత్రం మహిత, "రేపు రిజల్ట్ వస్తాదా నాయనా?" అని అడిగింది.

"దేవుడి పని ఒకటి ఉండాది. అయినాక వస్తాదమ్మా."

"నాకు శుక్రవారం లోపల కావాల. ఎందుకంటే..."

ఫోన్ మోగింది. కాణిపాకానికి జనాన్ని తోలే వాహనాల సంగతి. బాలచంద్ర మాట్లాడుతూనే చెప్పులేసుకొని బయటికి పోయాడు.

శుక్రవారం కాణిపాకంలో ఇసుక వేస్తే రాలనంత జనం. టెంకాయలమ్మే కుప్పమ్మ కూడా అంగడి వదిలేసి వచ్చి నిలబడింది. గంగాధరం గారు తడిబట్టలతో, కర్పూరం మీద చెయ్యి పెట్టి, "మా కాలేజీలో గ్లోబల్ స్టడీస్ పూర్తి చేసినోళ్లలో ఉద్యోగం లేనోళ్లు ఒక్కరు కూడా లేరు," అని గొంతు వణక్కుండా పలికారు. అక్కడ ఎవరూ బొంకరని మునిరామయ్య కూడా నమ్మే మనిషే. స్వామికి దండం పెట్టి, గంగాధరం గారికీ దండం పెట్టి వెళ్లిపోయాడు. ఐరాల కాలేజీలో నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని టీవీల్లో అప్పుడే మొదలైంది.

బాలచంద్ర ప్రసాదం పొట్లంతో ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మహిత గోడకానుకొని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"ఏమైందమ్మా?"

"జపాన్ కంపెనీలో నాకు ఉద్యోగం వచ్చినాది నాయనా. మధ్యాహ్నం లోపల సర్టిఫికెట్ పెట్టమన్నారు. కాలేజీకి పోతే అందరూ కాణిపాకంలో ఉండారన్నారు. మీరెవురూ ఫోన్ ఎత్తలేదు. ఇప్పుడే వాళ్లు ఫోన్ చేసినారు. ఇంకొకరిని తీసుకున్నారంట."

"ఉద్యోగం వచ్చినాదా? నాకు ముందే తెలిసుంటే రిజల్ట్ వదిలేసి, సార్ నిజంగానే..." అంటూ బాలచంద్ర ఆగిపోయాడు.

"తెలిసేదానికి నువ్వు ఎప్పుడు అడిగినావు?" అంది పంకజాక్షి.

బాలచంద్రకు తల తీసేసినట్టయింది. బిడ్డ అన్నం ముద్ద తన చేత్తోనే లాగేశానని అతనికి మొదటిసారి తెలిసింది. పొట్లం గూట్లో పెట్టి, వచ్చిన కాళ్లతోనే ఎమ్మెల్యే గారింటికి పరుగెత్తాడు.

అక్కడ దండలు, బాణాసంచా. జనాన్ని తోసుకొని దగ్గరికి పోయి సంగతంతా చెప్పాడు. "పోయిందేదో పోయినాది సార్. రిజల్ట్ వదలమనండి, ఇంకో చోట పెట్టుకుంటాది," అని చేతులు జోడించాడు.

గంగాధరం గారు నిజంగా బాధపడ్డారు. మెడలో దండ తీసి పక్కన పెట్టారు కూడా.

"ఇప్పుడెట్ల వదిలేదప్పా? వదిలితే ఆ పాప చదువు పూర్తి చేసినట్టు. ఉద్యోగం లేదంటా ఉండావు. నేను స్వామి ముందర చెప్పింది అబద్ధమైపోదా? నాకు ఇద్దరు పిల్లోళ్లు ఉండారు."

"మరి పాప గతేంది సార్?"

"నేను అడ్డం పడతానా? ఉద్యోగం తెచ్చుకోమను. ఆర్డరు చేతికి వచ్చిన నిమిషంలో రిజల్ట్ వదుల్తా. ఇది నా మాట."

బాలచంద్ర ఇంటికి వచ్చి, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. మహిత అంతా విన్నది.

"ఈ మాట ఆయన యాడ నిలబడి చెప్పినాడు నాయనా?" అని అడిగింది.

"ఇంట్లోనేనమ్మా," అన్నాడు బాలచంద్ర.