ఇరవై రెండు పావురాలు, ఐదు విడిభాగాలు

రెండు వస్తువులు ఒకదానికొకటి సరిపోతాయని ఎవడైనా అనగలడు. సర్కారు వారి గద్ద ముద్ర వేసి రుజువు చేయగలిగింది మాత్రం కైరోలోని విడిభాగాల పొందిక నిర్ధారణ శాఖ ఒక్కటే. (సరిపోవని తేల్చడం వాళ్లకు ఇంకా తేలిక. దానికి ముద్ర అక్కర్లేదు. టీ చల్లారేంత సమయం చాలు.)

ఆటలాడే కంప్యూటరు కట్టుకోదలచిన ప్రతి పౌరుడూ ఈ శాఖ మెట్లెక్కాలి. లోగడ జనం ప్రాసెసరు ఒక కొట్లో, బోర్డు ఇంకో కొట్లో కొని, ఇంటికి వచ్చాక పిన్నులు కలవక ఏడ్చేవారు. ఇప్పుడా ఏడుపును ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. కొనకముందే ఏడవవచ్చు.

నాకు కంప్యూటరు కావలసి వచ్చింది పావురాల కోసం.

అవి నా భార్య హెక్మత్‌వి. షుబ్రా పేటలో మా డాబా మీద కొయ్య గూడు కట్టించి ఇరవై రెండింటిని పెంచింది. ఆమె పోయాక మూడు రోజులు నేను గింజలు వేయలేదు. నాలుగో రోజు అవి లేచివెళ్లి, రెండు వీధుల అవతల నా బావమరిది షెహాతా డాబా మీద దిగాయి. మా పేటలో పావురాల చట్టం ఒకటే: ఎవరి డాబా మీద దిగితే వాళ్లవి. ఈ చట్టాన్ని ఎవరూ రాయలేదు. కాబట్టి అందరూ పాటిస్తారు.

"అడిగి పట్టుకుపోవడానికి ఇవి గిన్నెలా బావా?" అన్నాడు షెహాతా. "కంప్యూటర్‌లో నాతో ఫుట్‌బాల్ ఆడు. గెలువు. తీసుకుపో."

ఆడాను. వాడు నా చేతికిచ్చిన కంట్రోలర్‌కు ఎడమవైపు బొత్తాం పనిచేయదు. నా పదకొండు మందీ కుడివైపే పరిగెత్తారు. తొమ్మిది–సున్నా.

"ఇది ఆట కాదురా, దొంగతనం," అన్నాను.

"అయితే నీ కంప్యూటర్ నువ్వు తెచ్చుకో, ఎవరొద్దన్నారు? రంజాన్ లోపు ఆడాలి మరి. ఆ తర్వాత పక్షులు నావే."

రంజాన్‌కు పది వారాలుంది.

శాఖలో నాలుగో కిటికీ దగ్గర మదాం ఇన్షిరాహ్ కూర్చుంటుంది.

"వస్తువులు తెచ్చారా హాజీ?"

"మీ కాగితం లేనిదే కొట్టువాళ్లు అమ్మరంట కదమ్మా."

"వస్తువులు చూడకుండా కాగితం ఎలా ఇస్తాం?"

"మరి దారేంటి?"

"ఫొటోలు తెండి. వెనక తెల్లగా ఉండాలి, ఆరు కాపీలు, రెండు చెవులూ కనబడాలి."

"గ్రాఫిక్స్ కార్డుకు చెవులుండవమ్మా."

"ఉండవని రాసివ్వండి."

రాసిచ్చాను. కార్డును కొట్టువాడే టాక్సీలో స్టూడియోకు వెంటబెట్టుకొచ్చాడు. పెళ్లికూతురి అన్నలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫొటోగ్రాఫరు గడ్డం కొంచెం పైకెత్తమన్నాడు. కార్డు కదల్లేదు. మర్యాదస్తురాలని మెచ్చుకున్నాడు.

పదిహేడో నిబంధన ప్రకారం ప్రాసెసరునూ బోర్డునూ పెద్దల సమక్షంలో పావుగంట ఎదురెదురుగా ఉంచాలి. ఉంచారు. రెండూ ఏమీ మాట్లాడుకోలేదు. అది అంగీకారంగా నమోదైంది. పవర్ సప్లైకి మాత్రం దాన్ని రెండేళ్లుగా ఎరిగిన సాక్షులు ఇద్దరు కావాలి. మా వీధి చివర తామేయా వడలు వేయించే బయ్యూమీ, అతని తమ్ముడు సంతకం పెట్టారు. "మంచి కుటుంబం నుంచి వచ్చింది. ఎన్నడూ గొంతు పెంచలేదు" అని బయ్యూమీ తన చేత్తో రాశాడు. ఆ కాగితానికి నూనె మరక అయింది. మరకకు వేరే దరఖాస్తు పెట్టుకున్నాను.

ఆ తర్వాత నా వంతు వచ్చింది.

"పొందిక విషయంలో మీకు పూర్వానుభవం ఉందా హాజీ?"

"పెళ్లయింది."

"సరిపోయిందా?"

"ఒక్క పిన్నూ కలవలేదు. ముప్పై ఎనిమిదేళ్లు నడిచింది. బాగా వేడెక్కేది."

"ఇప్పుడు?"

"ఆగిపోయింది."

మదాం 'అనుభవం లేదు' అని రాసింది.

ఒక్కో కాగితం రావడానికి పదకొండు రోజులు. వచ్చాక దాని ఆయుష్షు ముప్పై రోజులు. భాగాలు ఐదు. నాలుగోది నా చేతికొచ్చిన నాటికి మొదటిది చచ్చి మూడు రోజులైంది.

"ఇలాగైతే ఇది ఎప్పటికీ పూర్తికాదు కదమ్మా," అన్నాను.

"ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదే!"

"ఎందుకు చేయలేదు?"

"ఫిర్యాదు చేయాలంటే పూర్తయిన ఫైలు నంబరు వేయాలి."

మళ్లీ మొదటి వరుసలో నిలబడ్డాను. ఈలోగా బయ్యూమీ ప్రతి తామేయాతో పాటు నా సంగతి కూడా పొట్లం కట్టి పేటంతా పంచాడు. "హాజీ తొమ్మిది వారాలుగా కడుతున్నాడంటే అదేమైనా మామూలు యంత్రమా? సైన్యం దగ్గర కూడా ఉండదు." ఈ మాట షెహాతా చెవిన పడింది. వాడికి భయం పట్టుకుంది. తలుపేసుకుని సాధన మొదలుపెట్టాడు. మూడు రోజులు డాబా ఎక్కలేదు.

నాలుగో రోజు ఇరవై పావురాలు మా గూటి మీద దిగాయి. తెల్ల జంట మాత్రం రాలేదు. (ప్రతి శాఖలోనూ ఒకరిద్దరు విధేయులుంటారు.) ఈసారి గింజలు వేశాను.

షెహాతా రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. బొటనవేళ్లు ఇంకా వాటంతటవే ఆడుతున్నాయి.

"ఇంకా ఆట కాలేదు బావా! అన్యాయం!"

"డాబా చట్టం షెహాతా."

"అవి ఆకలికొచ్చాయి! నీ మీద ప్రేమతో అనుకుంటున్నావా?"

"నీ దగ్గరికీ ఆకలికే వచ్చాయి."

"తెల్లవి నా దగ్గరే ఉన్నాయి. చచ్చినా ఇవ్వను. అక్కకు అవంటేనే ప్రాణం!"

అది నిజం. దిగి వెళ్లిపోయాడు.

సరిగ్గా ఆ వారమే శాఖ అధిపతి పదవీ విరమణ చేయబోతున్నాడు. పూర్తయిన ఫైలు ఒక్కటైనా చూపకపోతే వీడ్కోలు సభలో చదవడానికేమీ ఉండదని ఎవరో గుర్తు చేశారట. ఒకే ఉదయం ఐదు కాగితాల మీదా గద్ద వాలింది. సాయంత్రానికి యంత్రం మా ఇంట్లో ఉంది. పిన్నులన్నీ కలిశాయి. ఏ చప్పుడూ లేకుండా నడిచింది. అలాంటిది నేను ఎన్నడూ చూడలేదు.

దాంట్లో కొత్త ఆట ఒకటి ఎక్కించమన్నాను. ఎడారి రాజ్యాల ఆట. ముగించడానికి నూట నలభై గంటలు పడుతుందన్నాడు కొట్టువాడు. మరునాడు యంత్రాన్ని డబ్బాలో కట్టించి, "రంజాన్ కానుక, పాత మాటలు మరిచిపోదాం" అని చీటీ రాసి, షెహాతా ఇంటికి పంపించాను.

ఐదో రోజు వాడు ఫోన్ చేశాడు. వెనక ఆటలోని కత్తుల చప్పుడు.

"నీది ఇంత పెద్ద మనసని నాకు తెలీదు బావా. అక్క ఉండుంటే ఎంత సంతోషించేదో."

"సంతోషించేదే," అన్నాను. తెల్ల జంట అప్పుడే గూటి మీద దిగుతోంది.