చలికాలానికి సిద్ధమవుతున్న మోటార్ సైకిల్

మోటార్ సైకిల్ కొన్నవాడు దాన్ని నడపకూడదు. నడిపితే అరిగిపోతుంది! ఏటేటా దాన్ని చలికాలానికి సిద్ధం చేస్తూ ఉండాలి. అందులో ఉన్న సుఖం, ఆరోగ్యం, దేశభక్తి దూర ప్రయాణాల్లో లేవని ఆరేళ్ల అనుభవంతో మనవి చేస్తున్నాను.

నవ్వకండి. నా పేరు నరసింహులు. బెళుగుప్ప హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. కాగితం మీద గీయకుండా ఏ పనీ మొదలుపెట్టను.

1998లో సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొన్న రోజున నా భార్య ఈశ్వరి ఒకే ఒక్క కోరిక కోరింది.

"ఏమయ్యా, హోస్పేట డ్యామ్ చూపీ. పుట్టినప్పటి నుంచి కడవల్లో తప్ప నీళ్లు చూసింది ల్యా. అన్ని నీళ్లు ఒకతావ ఎట్లుంటాయో చూడల్ల."

"డిసెంబరులో పోదాం" అని మాటిచ్చాను.

డిసెంబరు అంటే చలి కదా! బెంగళూరు ఫుట్‌పాత్ మీద దొరికిన పాత విదేశీ మ్యాగజైన్‌లో, మంచులో మోటార్ సైకిళ్ల మీద తిరిగేవాళ్లు ఎన్ని జాగ్రత్తలు తీసుకుంటారో చదివాను. గాలికి అడ్డం అద్దం, వెచ్చటి సీటు, సామాన్లకు పెట్టెలు. మా ఊళ్లో మంచు పడదంటారా? వాన పడుతుందని మాత్రం ఎవరు హామీ ఇచ్చారు? అయినా ఏటా విత్తనాలు సిద్ధం చేసుకోవడం లేదా!

మొదటి చలికాలం అద్దంతో గడిచింది. మెకానిక్ తిప్పేష్ ఒక పాత లారీ ముందద్దాన్ని ఉన్నదున్నట్టు హ్యాండిల్ ముందు నిలబెట్టాడు. వజ్రకరూరు వైపు ట్రయల్‌కి వెళ్తే ఎదురుగాలి తగిలింది. నేను మూడో గేరులో ఉండగా పోస్ట్‌మ్యాన్ లింగప్ప సైకిల్ మీద నన్ను దాటిపోతూ, "ఏం సార్, నిలబెట్టినారా?" అని పలకరించాడు. ఎంత భద్రతో గమనించండి! నిలబడిన బండి ఎవర్నైనా గుద్దుతుందా?

రెండో చలికాలం గొర్రెల కాపరి వీరప్ప నేసిచ్చిన కంబళితో సీటు కుట్టించాను. వెచ్చగా ఉంది. కానీ వీరప్ప మందలోని ముసలి పొట్టేలుకు ఆ సీటులో ఎవరో దగ్గరి చుట్టం కనిపించినట్టున్నారు. వెంటపడింది. దాని వెనక మంద మొత్తం వచ్చింది. ఎనభై గొర్రెల కాన్వాయ్ ఏ మంత్రికైనా ఉందా?

మూడో ఏడు సీటు కింద బొగ్గుల కుంపటి డిజైన్ చేశాను. తిప్పేష్ ఆ డ్రాయింగ్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సార్, పైన పెట్రోలు ట్యాంకు, కింద నిప్పులు. మీరు డ్యామ్‌కు పోతారా, పైకే పోతారా? అది చెప్తే దాన్నిబట్టి వెల్డింగ్ చేస్తా."

ఆ డిజైన్ సవరించడానికి ఇంకో రెండు చలికాలాలు పట్టాయి. ఈ కాలంలో నేను తాగించిన పెట్రోలు సున్నా. దేశానికి ఎంత ఆదా!

ప్రతి డిసెంబరులోనూ ఈశ్వరి పెట్టెలోంచి ఆకుపచ్చ ధర్మవరం చీర తీసేది. "ఈసారన్నా పోతామా?" అనేది. "ఒక్క మాడిఫికేషన్ మిగిలింది" అనేవాణ్ణి. చీర మళ్లీ పెట్టెలోకి పోయేది. నాలుగో ఏటి నుంచి అడగడం మానేసింది. తృప్తి కలిగిందనుకున్నాను.

2003లో స్వెట్టర్లు, దుప్పట్లు పెట్టుకోవడానికి వెనక పెద్ద రేకు పెట్టె బిగించాం. ఈశ్వరి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"బాగుండాది. నేను యాడ కూచోవల్ల?"

డ్రాయింగ్ తీసి చూశాను. నిజమే! ఆమె స్వెట్టరుకు చోటుంది, ఆమెకు లేదు.

"వచ్చే చలికాలం సరిచేస్తాలే" అన్నాను.

ఆ శనివారం పొద్దున ఈశ్వరి ఆకుపచ్చ చీర కట్టుకుంది. పాత శాలువ ఒకటి కప్పుకుని, పక్కింటి ఓబమ్మతో కలిసి డ్యామ్ చూడ్డానికి బళ్ళారి బస్సెక్కింది. శాలువ! అంతే, అదే ఆమె వింటర్ మాడిఫికేషన్!

ఆదివారం సాయంత్రం నేనూ తిప్పేష్ మా ఇంటి ముందు బండి షెడ్డులో ఉండగా ఇద్దరూ వచ్చారు. ఈశ్వరి అరుగు మీద కూర్చుంది. అంత నిమ్మళంగా ఆమె ముఖాన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఎట్లుండాది?" అని అడిగాను.

"నీళ్లయ్యా" అంది. "ఆ కొన కనపడల్యా. నాకు ఏడుపొచ్చింది. నన్ను చూసి ఓబమ్మ కూడా ఏడ్చింది."

సంచిలోంచి ఒక సీసా తీసి నా చేతికిచ్చింది. "నీకని పట్టుకొచ్చినా."

డ్యామ్ నీళ్లు. మూత తీసి ఒక గుక్క తాగాను.

"ఆడ ఒక పెద్దాయప్పను అడిగినా" అంది. "ఇన్ని నీళ్లుండాయి కదన్నా, మా చేన్ల దాకా ఎందుకు రావు అని. ప్లాన్ ఉండాదమ్మా, ఎప్పుడో గీసినారు, ఏటేటా మారుస్తాండారు అన్నాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. సీసా కింద పెట్టి లేచి నిలబడ్డాను.

"ఎన్నేండ్లు గీస్తారు! ఈడ మనుషులు కండ్లు కాయలు కాసేలా చూస్తాంటే, కాగితాల మీద గీతలు దిద్దుకుంటా కూచుంటారా? సిగ్గుండల్ల! ముందు బయల్దేరల్ల! చిన్నాచితకా దారిలో చూసుకోవచ్చు!"

తిప్పేష్ స్పానర్ కింద పెట్టి ఎటో చూడసాగాడు. ఓబమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బాగా చెప్పినావు" అంది ఈశ్వరి, శాలువ మడతపెడుతూ. "ఇదే మాట రెండు కాగితాల మీద రాయి. ఒకటి కలెక్టరుకు పంపు. ఇంకోటి నీ బండికి అంటించు."