ఫ్రిజ్ తలుపు మీది పల్లవి

ఆ రోజు పొద్దున్న కవిగారి పథకం చాలా చిన్నది. పదకొండుకల్లా పల్లవి రాసెయ్యాలి, అంతే. సంగీత దర్శకుడు ట్యూన్ పంపి అప్పటికే పద్దెనిమిది రోజులైంది. పన్నెండేళ్లుగా సినిమాలకు రాస్తున్నా ఆయన పాట ఒక్కటీ జనం నోట నానలేదు. ఇది కూడా తుస్సుమంటే బావమరిది ట్యూషన్ సెంటర్లో వ్యాకరణం చెప్పుకోవడమే గతి.

ట్యూన్ కొలత పట్టుబడేదాకా పాటల వాళ్లు ఏవో నోటికొచ్చిన మాటలతో పాడుకుంటారు. వాటిని డమ్మీ మాటలంటారు. కవిగారు టీ పెట్టుకుంటూ కళ్లెదుట ఉన్నది పాడారు. కళ్లెదుట ఉన్నది ఫ్రిజ్, దాని మీద భార్య చీటీ. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ డ్యూటీకి వెళ్లే వేళకు ఈయన లేవరు, ఈయన లేచే వేళకు ఆవిడ ఉండదు. అంచేత ఆ ఇంట్లో సంసారం చాలావరకు చీటీల మీదే నడుస్తుంది.

"పాలు పొంగకముందే దించు... తలుపు మెల్లగా మూసుకో... నాకోసం ఆకలితో కూర్చోకు... నే రాకున్నా నిద్రపో..."

కొలత అచ్చంగా సరిపోయింది. ఆ పాడింది ఫోన్లో రికార్డు చేసి, "కొలత సరేనా?" అని సంగీత దర్శకుడికి పంపారు. డమ్మీ అని చెప్పడం మరిచారు. తర్వాత ఏకాగ్రత కోసం ఫోన్ కట్టేసి వెన్నెల, వేణువు, విరహం దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

సాయంత్రం ఫోన్ తెరవగానే మోగింది.

"ఎంత పాట రాశారండీ! గాయని ఊరెళ్లిపోతోందని మధ్యాహ్నమే పాడించేశాం. దర్శకుడు ఏడ్చేశాడు!"

"అది... డమ్మీ..."

"ఏంటండీ? సరిగా వినపడలేదు. ఏడ్చేశాడంటున్నా!"

ఆయన పాట విని నిర్మాతలు తప్ప ఎవరూ అంతవరకు ఏడవలేదు. కవిగారు గొంతు సవరించుకున్నారు. "నేనూ... ఏడుస్తూనే రాశానండీ."

నెల తిరిగేసరికి ఆ పాట బస్సుల్లో, సెలూన్లలో, లిఫ్టుల్లో మోగింది. టీవీ వాళ్లు అర్థం అడిగారు. కవిగారు అరమోడ్పు కళ్లతో వివరించారు. "పాలు యౌవనానికి ప్రతీక. తలుపు మృత్యువు."

"మరి ఆకలి?"

"పరమాత్మ."

వార్డులో ఒక పెద్దాయనకు బీపీ చూస్తూ నర్సు ఈ ఇంటర్వ్యూ మొత్తం చూసింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది.

"పాలంటే యౌవనమా?"

"అదీ... కవిత్వంలో..."

"పోయిన వారం నువ్వు పాలు మాడ్చిన గిన్నె సింకులో అలాగే ఉంది. అది దేనికి ప్రతీక?"

మర్నాటి నుంచి ఫ్రిజ్ మీద చీటీ లేదు. ఇంతలో కొత్త సినిమాకు పాట కావాలన్నాడు సంగీత దర్శకుడు, అదీ శుక్రవారానికి. కవిగారు వెన్నెల పంపితే వెనక్కి కొట్టాడు. "వెన్నెల వద్దండీ, పాలు కావాలి."

కవిగారు మూడు రోజులు బోసి ఫ్రిజ్‌ను చూస్తూ గడిపారు. మొదటి రెండు రోజులూ పాట కోసమే చూశారు. మూడో రోజు పాట సంగతే గుర్తు రాలేదు. చీటీ లేని ఇల్లు పరాయి ఇల్లులా అనిపించి దిగులేసింది. గిన్నె తోమి, జన్మలో మొదటిసారి ఆయనే ఒక చీటీ రాసి అంటించారు.

"గిన్నె తోమాను, మాడు పోలేదు. మాట నీది, పేరు నేను కొట్టేశాను. ఈ తలుపు తెరవబుద్ధి కావడం లేదు. ఒక్క చీటీ రాయి, తిట్టయినా సరే."

శుక్రవారం ఆయన లేచేసరికి ఫోన్ మోగుతోంది.

"అదిరిపోయిందండీ! మీ ఆవిడ ఒక చీటీని ఫొటో తీసి పంపారు, 'కొలత సరేనా?' అని. నాలుగు చోట్ల సాగదీస్తే సరిపోయింది. రచన ఆవిడదే కదా, ఆవిడ పేరే వేస్తున్నాం."

"అయ్యో, అది రాసింది నేనండీ! నిజంగా నేనే!"

"ఊరుకోండి సార్. పాత పాట కూడా ఆవిడ చీటీయేనని ఆవిడే చెప్పారు. అదీ ఇదీ ఒకరి రచనేనని చంటిపిల్లాడు కూడా చెప్తాడు."

కవిగారు నీరసంగా వంటింట్లోకి నడిచారు. ఫ్రిజ్ మీద కొత్త చీటీ ఉంది. "పాలు స్టవ్ మీదున్నాయి. దించు." దాన్ని ఆయన రెండుసార్లు చదువుకున్నారు, ఈసారి పాడకుండా. పాలు పొంగకముందే దించారు.

రెండో పాట మొదటిదాన్ని మించిపోయింది. టీవీ వాళ్లు ఈసారి నర్సు ముందు మైకు పెట్టి, ఆ గిన్నె దేనికి ప్రతీక అని అడిగారు.

"గిన్నె గిన్నేనండీ," అందావిడ. "మాడు ఇంకా పోలేదు."