రుక్మాబాయి ఆరో వేలు

ఆ పొద్దున గౌలిపుర మీద ఆకాశం నీళ్లు ఎక్కువైన పాలలా పలచగా ఉంది. మబ్బు ఉందనడానికి లేదు, లేదనడానికీ లేదు. అంజన్ ఒకసారి తలెత్తి చూసి, వెంటనే దించుకుని బర్రెల కొట్టంలోకి నడిచాడు. అలాంటి ఆకాశం అతనికి నచ్చదు.

ఆ రోజు అనుకున్న పని చిన్నదే. పాలు పిండి, ఇళ్లకు పోసి, ఎండ ముదరకముందే బేగంబజార్ వెళ్లి రెండు కొత్త క్యాన్లు తేవాలి. తల్లి రుక్మాబాయి మీద తీసిన సినిమా ఆ పొద్దునే బస్తీ వాట్సాప్ గ్రూపులో పడుతుందని, దాంతో నాలుగు కొత్త ఇళ్లు తగులుతాయని అతని ఆశ.

తీసిన సినిమా అనడం కూడా సరికాదు. దర్శకుడు శ్రవణ్‌కుమార్‌కు పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం మీద స్టూడియో ఉంది. పదేళ్లు పెళ్లిళ్ల వీడియోలు తీశాడు. ఏం కావాలో రాసిస్తే చాలు, ఏఐ కదిలే బొమ్మ చేసి ఇస్తుందని తెలిశాక కెమెరా మీద తువ్వాలు కప్పి, టైపు కొట్టడం మొదలుపెట్టాడు. పాతబస్తీ పాలవాళ్ల మీద మూడు నిమిషాల చిత్రం చేసి పోటీకి పంపుతానని నెల క్రితం వచ్చి రుక్మాబాయి ఫోటో ఒకటి తీసుకుపోయాడు.

"షూటింగు ఎప్పుడు బిడ్డా? కొత్త చీర కట్టుకుంట" అని ఆమె అడిగింది.

"షూటింగు లేదు పెద్దమ్మా. ఒక్క ఫోటో చాలు. మిగిలింది మిషినే చూసుకుంటది."

"మరి బర్రె ఫోటో?"

"బర్రె ఎట్లుంటదో దానికి తెలుసు."

తెలియదని తర్వాత తేలింది. మొదటిసారి బర్రెకు ఐదు కాళ్లు వచ్చాయి. మూడోసారి వీపు మీద గుర్రం జీను వచ్చింది. ఏడోసారి పాలు గిన్నెలోంచి లేచి పొదుగులోకి ఎక్కాయి. ఇరవై రెండోసారి వచ్చిన బొమ్మ చూసి శ్రవణ్‌కుమార్ కళ్లు తుడుచుకున్నాడు. మంచు, ఏటవాలు ఎండ, అచ్చుగుద్దినట్టు రుక్మాబాయి ముఖం. చేతిలో ఇత్తడి చెంబు. చెంబులోంచి పాల క్యానులోకి సన్నటి ధార, ఆ ధారలో సూర్యుడు. శ్రవణ్‌కుమార్ ప్యాకెట్ పాలతో పెరిగినవాడు. పాలధారలో సూర్యుడు కనబడడు, నీళ్లధారలోనే కనబడతాడని అతనికి తట్టలేదు.

అంజన్ ఏడో ఇంట్లో పాలు పోస్తుండగా ఆ వీడియో ఫోన్లో పడింది. చూశాడు. ఫోన్ మీంచి కళ్లు తీయకుండా పోయడంతో ఆ ఇంటికి కొసరు ఎక్కువ పడింది.

రుక్మాబాయి నలభై ఏళ్లు పాలకు వచ్చే గిరాకీ కళ్లముందే బర్రెను పిండి పాలు పోసిన మనిషి. ఖాళీ చెంబు బోర్లించి, చుక్క లేదని చూపించి మరీ కూర్చునేది. రెండేళ్ల క్రితం ఆమె మోకాళ్లు పట్టేశాక పిండడం, మోయడం అంజన్ పాలబడ్డాయి. అదే ఎండాకాలం ఒక బర్రె వట్టిపోయింది. ఉన్న ఇళ్లను వదులుకోలేక అంజన్ క్యానుకు ఒక మగ్గు నీళ్లు పోశాడు. ఆరునెలలకు బర్రె ఈనింది. మగ్గు మాత్రం ఆగలేదు. ఇంటి పాలు ముందే తీసి పక్కన పెట్టేవాడు గనుక తల్లికి అనుమానం రాలేదు. వస్తే ఏమవుతుందన్నది అతను ఆలోచించే విషయం కాదు. ఆలోచిస్తే పాలు పిండే చెయ్యి ఆగిపోతుంది.

'మిషిన్ ఎట్ల కనిపెట్టింది?' అనుకున్నాడు. 'గని చెంబు చూపించింది. నాది నీలం మగ్గు. పని తెలిసింది, సామాను తెల్వలే.'

అతను ఇల్లు చేరేసరికి వాకిట్లో జనం. ముందు వరసలో రఘునాథ్. కోర్టులో ముప్పై ఏళ్లు రికార్డులు భద్రపరిచి రిటైరైన మనిషి. పక్కన చాయ్ హోటల్ కృష్ణయ్య.

"అమ్మా, కోర్టుల వీడియో అంటే సాక్ష్యం" అన్నాడు రఘునాథ్ ఫోన్ ఎత్తి పట్టి. "ముఖం మీదే. కాదంటరా?"

"ముఖం నాదే. చెంబు నాదే. నేనైతే కాదు సారూ" అంది రుక్మాబాయి.

"గదేంది అవ్వా!" కృష్ణయ్య నెత్తి కొట్టుకున్నాడు. "చాయ్‌ల నీళ్లు నేను పోసుకుంట గద! నువ్వు గూడ పోస్తే ఇగ చాయ్ యాడుంటది?"

అంజన్‌కు కోపం వచ్చింది. తల్లి మీద నింద పడుతుంటే ఊరుకునే కొడుకు కాడు. "ఏమన్న తెలివున్నదా మీకు? క్యానుకు చెంబెడు నీళ్లా? గంత ఎవలన్న పోస్తరా?"

గడపలో నిలబడ్డ అతని భార్య అఖిల గట్టిగా దగ్గింది. అంజన్ నోరు మూసుకున్నాడు.

ఇంతలో శ్రవణ్‌కుమార్ స్కూటర్ మీద వచ్చి దిగాడు. "అరె, పరేషాన్ గాకుండ్రి! గది పెద్దమ్మ గాదు, ఏఐ. కావాల్నంటే చెంబు పట్టిన చెయ్యి చూడుండ్రి. ఆరు వేళ్లున్నయ్!"

అందరూ ఫోన్లు ముఖానికి దగ్గర పెట్టుకుని లెక్కపెట్టారు. నిజమే, ఆరు. తర్వాత అందరూ రుక్మాబాయి చేతుల వైపు చూశారు. ఆమె గాజులు తొడిగించుకోవడానికి చాచినట్టు రెండు చేతులూ చాచింది. రఘునాథ్ ఒక్కో వేలూ ముట్టుకుని లెక్కపెట్టి, "కుడి అయిదు, ఎడమ అయిదు" అని ప్రకటించాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మాట గౌలిపుర దాటేసరికి వీడియోలో వేళ్లు కాస్తా రుక్మాబాయి వేళ్లయ్యాయి. మధ్యాహ్నానికి ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఆరు వేళ్ల పాలామెను చూడటానికి వచ్చారు. ఎల్లమ్మ అనే ముసలామె ఏకంగా నెల పిల్లను తెచ్చింది. "ఆరు వేళ్ల చెయ్యి మస్తు అదృష్టమంట బిడ్డా. జెర పోరి నెత్తి మీద పెట్టు."

"అయిదే ఉన్నయమ్మా" అంది రుక్మాబాయి.

"అయిదే అయితే ఏం జేసుకోను? మా ఇంట్ల అందరికున్నయ్" అని ఎల్లమ్మ పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

శ్రవణ్‌కుమార్ తప్పు దిద్దుతానన్నాడు. వాకిట్లోనే కూర్చుని, స్వచ్ఛమైన పాలు, స్వచ్ఛమైన మనిషి అని ఇంకో వీడియో చేయించాడు. ఈసారి వేళ్లు అయిదే వచ్చాయి. బర్రెకు కాళ్లు నాలుగే. చెంబు లేదు. సంతోషంలో చివరిదాకా చూడకుండానే గ్రూపులో పెట్టేశాడు. చివర్లో రుక్మాబాయి వెనక, కొట్టం పక్కన, నీళ్ల ట్యాంకర్ నిలబడి ఉంది.

"చెంబు సాల్తలేదా ఏంది? ట్యాంకరే తెప్పిచ్చిండ్రు!" అని గ్రూపులో ఎవరో రాశారు. సాయంత్రానికి పదకొండు ఇళ్ల వాళ్లు రేపటి నుంచి పాలు వద్దన్నారు.

రుక్మాబాయి ఫోన్ పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, వాకిట్లో ఇంకా గుమిగూడి ఉన్న జనం ముందుకు వచ్చి నిలబడింది. "ఇగో, ఇనుండ్రి. రేపు పొద్దుగాల అందరు గిన్నెలు తెచ్చుకోండ్రి. నేనే కూసుంట. చెంబు బోర్లిచ్చి చూపిస్త. మీ ముందట పిండి పోస్త. చుక్క నీళ్లుంటే నలభై ఏండ్ల పేరు మోరీల పారేయుండ్రి."

అంజన్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క రోజు మగ్గుకు సెలవిస్తే చాలు, అమ్మ పేరు నిలబడుతుంది, తన గుట్టూ నిలబడుతుంది. "రాండ్రి, రాండ్రి! అమ్మతోని పరాచికాలా?" అని అందరికంటే గట్టిగా అరిచింది అతనే.

మర్నాడు బస్తీ అంతా గిన్నెలతో దిగింది. రుక్మాబాయి పీట మీద కూర్చుంది. చెంబు బోర్లించింది. రఘునాథ్ వేలు పెట్టి తడి లేదని చూశాడు. చుయ్ చుయ్‌మని ధారలు పడ్డాయి, నురగ చెంబు అంచు దాటి పొంగింది. జనం చప్పట్లు కొట్టారు.

"కేసు కొట్టేసిన" అన్నాడు రఘునాథ్.

పది గంటలకు మళ్లీ అదే జనం. ఈసారి కృష్ణయ్య చేతిలో చాయ్ కేతిలి ఉంది. "అవ్వా, గిదేం పాలు? చాయ్ గాదు, పాయసమైంది. గిరాకీ చెంచా అడుగుతుండ్రు!"

రఘునాథ్ ఒక చేత్తో పొట్ట పట్టుకుని వచ్చాడు. "ఇవి మీ పాలు కావమ్మా. ఇన్నిరోజులు మీ పాలు తాగితే కడుపుల సల్లగుండె. ఇయ్యాల తాగినకాడికెళ్లి మూడుసార్లు పోయొచ్చిన. డాక్టరు నన్ను పలచటి పాలు, నీళ్ల మజ్జిగే తాగుమన్నడు. మాకు ఎప్పటి పాలే పొయ్యిండ్రి."

"అవునవును, పాతయే బాగున్నయ్" అన్నారు వెనక నలుగురు.

రుక్మాబాయి కృష్ణయ్య కేతిలి మూత తీసి చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆ పలచటి పాలు ఎప్పటిసంది సారూ?"

రికార్డుల మనిషి తడుముకోలేదు. "రెండేండ్ల నాలుగు నెలలు. మీ మోకాళ్లు పట్టినకాడికెళ్లి."

అంజన్ ఆకాశం వైపు చూశాడు. ఈ రోజు మబ్బు తునక లేదు, దాక్కోవడానికి.

శ్రవణ్‌కుమార్ ముఖం మాత్రం వెలిగింది. ఫోన్ తీసి, చిత్రం కింద 'కల్పితం' అన్న మాట చెరిపి, 'వాస్తవ ఘటనల ఆధారంగా' అని కొట్టాడు. "అంటే పెద్దమ్మా, నా మిషిన్ నిజమే చెప్పినట్టు గద!"

అంజన్‌కు ఒళ్లు మండింది. "ఏం నిజం చెప్పింది, హౌలే? అండ్ల ఇత్తడి చెంబు చూపించింది. నాది నీలం మగ్గు!"

బర్రె నెమరు వేయడం అందరికీ వినిపించింది.

రుక్మాబాయి కొడుకును తిట్టలేదు. గిరాకీ వైపు తిరిగింది. "రేపటిసంది నేనే పిండుత. మోకాళ్లు పోతే పోనీ. రెండేండ్లు పోసిన నీళ్లకు రెండు నెలలు పైసలు లేకుండ ఉత్తగ పాలు పోస్త. పలచగ కావాల్నంటే, సారూ, మీ ఇంట్ల నల్లా ఉన్నది."

జనం కదిలిపోయారు. శ్రవణ్‌కుమార్ కూడా స్కూటర్ తాళం తీశాడు.

"నువ్వు యాడికి? కూసో. తిని పో" అంది రుక్మాబాయి.

కొడుకూ కోడలూ శ్రవణ్‌కుమారూ వరసగా కూర్చున్నారు. రుక్మాబాయి వడ్డించింది. అన్నం, పప్పు అయ్యాక శ్రవణ్‌కుమార్‌కు, అఖిలకు గరిటె నిలబడే గట్టి పెరుగు వడ్డించింది. అది నాలుక మీద పడగానే శ్రవణ్‌కుమార్ కళ్లు పెద్దవయ్యాయి. అంజన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె పెరుగు గిన్నె కింద పెట్టి, కొట్టంలోకి వెళ్లి నీలం మగ్గు తెచ్చింది. ఒక చెంచా పెరుగుకు నిండు మగ్గు నీళ్లు కలిపి, అన్నం మునిగేదాకా పోసింది. అంజన్ తల వంచుకుని, పళ్లెం వంచుకుని, చివరి చుక్క దాకా తాగాడు.

రఘునాథ్‌కు డాక్టరు చెప్పిన పథ్యం సరిగ్గా అదే.