తుమ్ము రాని చోటు

అడవిలో ఇకపై చెత్త మొలవరాదని ప్రభుత్వం తీర్మానించింది. చెత్త అంటే చెట్లు కానిదంతా అని రేంజర్ ఎల్లేశ్ గారు అదే రోజు విశాల హృదయంతో వివరించారు.

సాఫ్ట్‌వేర్ కంపెనీలు సిటీని మింగేసి మొయినాబాద్ వైపు ఆవులిస్తున్న రోజులవి. ఆదివారం ఆ ఇంజనీర్లు నడవడానికి ఎంకపల్లి పక్కన ఒక అడవి కావాలి. ప్యాంటుకు పల్లేరు అంటని అడవి.

వాచర్ భిక్షపతికి ఆ అడవితో పదకొండేళ్ల పరిచయం, పదకొండేళ్లూ టెంపరరీయే. ఏటా వానాకాలంలో నాలుగు కర్రలకు తాడు కట్టి, ఆ చదరంలో చెట్ల కింద ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టడం ఆయన పని. పోయినేడు నలభై ఒక్క రకాలు. ప్రారంభానికొచ్చే మంత్రిగారు మెచ్చితే పర్మనెంట్ ఫైలు కదుపుతానని రేంజర్ మాటిచ్చారు.

"సార్, నేల గీకితే ఒట్టిగ ఉండదు. వయ్యారిభామ దిగుతది."

"దిగనీయ్! ఓపెనింగ్‌కు జర గ్లామర్ ఉండాలె."

"తెల్లపూల కలుపు సార్ నేను చెప్పేది."

"తెలుపైతే ఇంకా నీట్."

జేసీబీ రెండు రోజుల్లో చెట్ల కింద నేలంతా గుండు గీసి, ఒక్క పాముపుట్ట దగ్గర ఆగింది.

"నాగన్న జాగ. నేనైతే బకెట్ దింప," అని డ్రైవర్ బాలమల్లు ఇంజన్ బంద్ చేశాడు.

కూలీ నీలమ్మ పార కింద పడేసి భిక్షపతి వైపు తిరిగింది. "మీ సార్‌నే వచ్చి గీకుమను, అన్నా!"

సార్‌కు అర్జెంటుగా మీటింగ్ గుర్తొచ్చింది.

వాన పడింది. రెండు నెలల్లో అడవంతా నడుమెత్తు వయ్యారిభామ, గాలి నిండా దాని పుప్పొడి. రేంజర్ తాడు చదరం తెప్పించి స్వయంగా లెక్కపెట్టారు. "అప్పుడు అరవై మొక్కలు, ఇప్పుడు మూడొందలు! అభివృద్ధి ఐదింతలు!"

"అన్నీ ఒక్కటే రకం సార్."

"దాన్నే ఐకమత్యం అంటరు."

మంత్రిగారు రిబ్బను కత్తిరించి తుమ్మారు. ఉపన్యాసంలో 'హరిత'కు ఒకటి, 'విప్లవా'నికి రెండు. వెనక పీఏ, ఆయన వెనక ప్రెస్, అంతా తుమ్ముకుంటూ తుమ్మచెట్లు దాటి పుట్ట దగ్గరికొచ్చారు. అక్కడ తంగేడు పచ్చగా పూసింది. దాని కింద నేలవేము, సుగంధి తీగ. తుమ్ములు ఆగాయి.

"వాహ్! ఈడ ఏం చేసిండ్రయ్యా?"

రేంజర్ భిక్షపతిని ముందుకు తోశారు.

"ఏం చెయ్యలే సార్."

"మరి ఎవరు చేసిండ్రు?"

"ఎవ్వరం ఏం చెయ్యలే సార్."

"చూసిండ్రా వినయం! గిసుంటి మనిషిని పదకొండేండ్లు టెంపరరీ పెడతరా?"

భిక్షపతి అక్కడికక్కడే పర్మనెంట్. కళ్లు తుడుచుకుంటుంటే మంత్రిగారికి ఇంకో ఆలోచన వచ్చింది. "ఈ జాగను ఎవ్వరు ముట్టొద్దు. ఆ మాట బండ మీద చెక్కించుండ్రి. నా పేరు పెద్దగ."

పేరు పెద్దది, కనుక షాబాద్ బండ పన్నెండడుగులు. దాని దిమ్మెకు జాగా కావాలి. ఈసారి రేంజర్ పుట్టకు కొబ్బరికాయ కొట్టించి, అనుమతి లభించినట్టు ఫైల్లో రాసుకున్నారు. పుట్టను ముట్టలేదు. చుట్టూ గీకారు.

మళ్లీ వాన పడింది. కొత్త యూనిఫాం వేసుకున్న భిక్షపతి, 'ఎవరూ ముట్టరాదు' అన్న బండ ముందు తాడు చదరం పరిచి లెక్కకు వంగాడు.

పర్మనెంట్ ఉద్యోగిగా ఆయన చేసిన మొదటి పని, తుమ్మడం.