సమితివారి మెస్కెల్ యాత్ర, మల్లేశం సెలవు

సౌదీలోని అల్ ఖోబర్ తెలుగు సంస్కృతీ పరిరక్షణ సమితి ఈ ఏడు ఇథియోపియా వెళ్లి అక్కడి పండగలు కళ్లారా చూసి రావాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎర్ర సముద్రం అవతలి ఆ దేశంలో సంస్కృతి ఇంకా చెడిపోలేదని సమితి అధ్యక్షులు సురేంద్రగారికి ఫోనులో ఏదో వీడియో చూస్తుండగా తెలిసిందట. వారు మా మెయింటెనెన్స్ కంపెనీకి మేనేజరు కూడా. సభకు కుర్చీలు వేసింది కంపెనీ పనివాళ్లమైన మేమే కనుక వారి ప్రసంగం మొత్తం వినే భాగ్యం మాకు దక్కింది.

"మిత్రులారా! పండగంటే మన మూలం! మూలాన్ని మరిచినవాడు మనిషే కాడు!"

ఇంజనీర్లూ వారి శ్రీమతులూ చప్పట్లు కొట్టారు. సెప్టెంబరు చివర వచ్చే మెస్కెల్ పండగ ఖాయమైంది. పసుపుపచ్చని పూలు కట్టిన కట్టెల కుప్పకు నిప్పుపెట్టి, తెల్లబట్టల్లో చుట్టూ చేరి పాడతారట. వెంటనే పసుపు చీరల ఉపసంఘం ఒకటి, ఆవకాయ ఉపసంఘం ఒకటి ఏర్పడ్డాయి. అక్కడి రొట్టె ఇంజెరా మన పుల్లట్టులాగే ఉంటుందని తెలిశాక ఆవకాయ ఉపసంఘం బలం రెట్టింపైంది.

చిక్కు ఒక్కటే. ఆ మంట సోమవారం పడింది. ఇక్కడ మనవాళ్లు ఉగాదైనా దీపావళైనా శుక్రవారమే చేసుకుంటారు. దేవుళ్లు కూడా అలవాటుపడిపోయారు. అందుకని కోశాధికారిగారు ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసి, "వాళ్లు ఏ శుక్రవారానికి జరిపారో కనుక్కోండి" అన్నారు. తరతరాలుగా పండగ ఏ తేదీన వస్తే ఆ తేదీనే చేస్తారని జవాబొచ్చింది. సమితి ఆ ప్రజల మొండితనాన్ని కొనియాడి, తన సెలవులనే ఆ సోమవారానికి జరుపుకుంది.

ఆ రోజుల్లోనే బతుకమ్మ కూడా వచ్చింది. మాతో పనిచేసే మల్లేశానికి ఏం పుట్టిందో, సురేంద్రగారి ఆఫీసుకు పోయి సెలవడిగాడు. మల్లేశం జగిత్యాల పక్క మనిషి. ఆఫీసర్ల విల్లాలలో ఏసీలు, నల్లాలు బాగుచేస్తాడు. భార్య శ్రీలత కడుపుతో ఉండగా వచ్చినవాడు, ఇంతవరకు కూతురిని ఫోనులో తప్ప చూడలేదు. ఈ బతుకమ్మకు వస్తానని ఆ పిల్లకు మాటిచ్చాడు.

"ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టియ్యండి సార్. బతుకమ్మకు పోయొస్త."

"పండక్కి లీవేంటయ్యా? ఇంట్లో ఎవరైనా పోయారా?"

"లేదు సార్, అందరు మంచిగనే ఉన్నరు."

"మరింకేం! సంతోషంగా పని చేసుకో."

మా కంపెనీలో సెలవులు చావులకే వస్తాయి. మా గదిలోని భూమేష్ అనుభవజ్ఞుడు. ఇప్పటికి నానమ్మను, ఇద్దరు చిన్నాయినలను చంపాడు. మేనమామను చంపి చెల్లె పెండ్లికి పోయొచ్చాడు. ఆ పెండ్లిలో మేనమామే వడ్డించాడు.

"ఉన్నదున్నట్టు చెప్తరార ఎవలన్న? మీ అవ్వను చంపకపోయినవా?" అన్నాడు భూమేష్.

"థూ! నోరేనా అది? బతికున్న మనిషిని ఎట్ల చంపుతనే?"

"అయితే మీ నాయినను చంపు. ఎట్లాగు పోయిండు గదా!"

న్యాయంగానే తోచింది. మర్నాడు మల్లేశం మళ్లీ వెళ్లి తండ్రి పోయాడని చెప్పాడు. సురేంద్రగారి జ్ఞాపకశక్తి అమోఘం.

"మీ నాన్న పోయింది నిరుడు కదయ్యా! నిజంగా పోయినప్పుడే పంపలేదు, ఇప్పుడెలా పంపుతాను?"

అయినా వారు కఠినాత్ములు కారు. "మేమంతా ఊళ్లో లేనప్పుడు నువ్వూ వెళ్లిపోతే విల్లాలు ఎవరు చూస్తారు చెప్పు? మా పిల్లి ఇంకొకరి చేత్తో పెడితే తినదు. దానికి నువ్వంటే ప్రాణం" అని భుజం తట్టి, తాళాల గుత్తి చేతికిచ్చారు. సంస్కృతికి వెన్నెముక మల్లేశమేనని సమితి ప్రత్యేక తీర్మానం కూడా చేసింది.

సమితి విమానమెక్కింది. సద్దుల బతుకమ్మనాడు మల్లేశం పిల్లికి చేపముక్కలు పెడుతుంటే ఇంటినుంచి ఫోనొచ్చింది. కూతురు తంగేడు పూల పక్కన నిలబడి ఉంది.

"నాయినా, ఏడిదాక వచ్చినవ్?"

"తొవ్వల ఉన్న బిడ్డా."

అప్పుడే పిల్లి అరిచింది.

"అది ఎవల పిల్లి నాయినా?"

"పండుగకు పోయినోళ్లది."

యాత్ర దిగ్విజయంగా ముగిసింది. శుక్రవారం సభ పెట్టి తెరమీద ఫోటోలు చూపించారు. ఒక ఫోటో దగ్గర సురేంద్రగారు ఆపించి వేలు చూపించారు.

"ఇతనెవరో తెలుసా? గల్ఫ్‌లో డ్రైవరు! మన మల్లేశంలాంటివాడే! పండక్కి ఇంటికొచ్చి కూతుర్ని భుజాన ఎత్తుకుని పాడుతున్నాడు. మిత్రులారా, ఇతన్ని పంపిన ఆ యజమాని ఎవరోగాని, ఆయనకు నా పాదాభివందనం!"

సభ కంటతడి పెట్టింది. అధ్యక్షుల శ్రీమతిగారు పసుపు చీర కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఇంతకన్నా మంచి ఘడియ దొరకదనుకున్నాడో ఏమో, వెనక కుర్చీలు సర్దుతున్న మల్లేశం చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్... మరి నా లీవు..."

సురేంద్రగారు కళ్లు తుడుచుకుని ఆశ్చర్యంగా చూశారు.

"పండగ అయిపోయింది కదయ్యా! ఇంకెందుకు లీవు?"

సభ గొల్లుమంది. అధ్యక్షులవారి సమయస్ఫూర్తికి భూమేష్ నవ్వాడు, నేనూ నవ్వాను. ఇంత దూరం చదివారు కనుక మీరూ నవ్వే ఉంటారు. మల్లేశం కూడా నవ్వాడు. అతను కంపెనీ మనిషి, నవ్వక ఏం చేస్తాడు?