కొండలెక్కే బండి, వంటింటి స్టూలు

పై అరలో చక్కెర డబ్బా ఉంది. కింద నేనున్నాను. మధ్యలో ఉండాల్సిన స్టూలు మాత్రం లేదు. ఇల్లంతా వెతికి, చివరికి మావారిని అడిగాను.

"బండిలో ఉంది" అన్నారు పేపర్లోంచి తల ఎత్తకుండా.

"స్టూలుకి బండిలో ఏం పని?"

"మరి బండి పైకప్పు ఎలా కడగమంటావు? నాకు అందదు కదా!"

"నాకు చక్కెర అందట్లేదు."

"చక్కెర తగ్గించమని పై ఇంటి డాక్టరు చెప్పాడుగా!"

మాటా మాటా పెరిగింది. ఆ పూట ఇద్దరం చప్పటి టీ తాగి, చెరో గదిలో కూర్చున్నాం. కూర్చుని నిదానంగా ఆలోచిస్తే తప్పు నాదేనని అర్థమైంది. అంతటి బండి ఇంట్లో ఉన్నప్పుడు దాని సేవకి ఒక స్టూలు ఇవ్వలేనా?

పాఠకులారా, కొండలూ గుట్టలూ ఎక్కగల బండిని కొనుక్కుని, దాన్ని జన్మలో ఒక్క గుట్ట కూడా ఎక్కించకపోవడం కన్నా గొప్ప సుఖం సంసారంలో లేదు. వెటకారం అనుకోకండి. నిరూపిస్తాను.

ముందు మా బండి సంగతి చెప్పాలి. ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. ముప్పాతిక మీటరు లోతు నీళ్లలో కూడా ఆగకుండా పోతుంది. గేరు పక్కన ఒక గుండ్రటి మీట ఉంది. ఇసుక, బురద, మంచు, రాళ్లు, ఎటు తిప్పితే దానికి తగ్గట్టు బండి నడక మార్చుకుంటుంది. ఆ మీట మీద కంపెనీ వాళ్లు అంటించిన ప్లాస్టిక్ పొర ఇంకా అలాగే ఉంది. వారానికోసారి దాని మీద దుమ్ము తుడిచేది నేనే కాబట్టి ఈ విషయంలో నా మాటకి తిరుగు లేదు.

బండి ఎంత ఏటవాలుగా ఎక్కుతోందో చూపించే స్క్రీన్ కూడా ఉంది. ఇంతవరకూ అది చూపించిన రికార్డు పదకొండు డిగ్రీలు. ఏ పర్వతం మీద అనుకున్నారు? మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద! మావారు దాని ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెడితే ఇరవై మంది బొటనవేళ్లు ఎత్తారు.

పై ఇంటి డాక్టరుగారికీ ఇలాంటి బండే ఉంది. ఆయన పళ్ల డాక్టరు. ఆదివారం ఉదయం ఇద్దరూ పార్కింగులో చేతులు కట్టుకుని నిలబడతారు.

"మీది ఎంత లోతు నీళ్లలో వెళ్తుందండీ?"

"డెబ్బై అయిదు సెంటీమీటర్లు. మీది?"

"తొంభై!"

మొన్న సరిగ్గా ఈ మాట దగ్గర వాచ్‌మన్ మొక్కలకి పెట్టిన నీళ్లు అటుగా పారి వచ్చాయి. తొంభై సెంటీమీటర్లాయనా, డెబ్బై అయిదు సెంటీమీటర్లాయనా చెప్పులు తడవకుండా ఒకేసారి గట్టు మీదికి గెంతారు. చూడ్డానికి రెండు కళ్లూ చాల్లేదు.

ఆరోగ్యానికి కూడా ఇది మంచిదే. సూపర్ మార్కెట్ సెల్లార్ కప్పు తక్కువ ఎత్తు. మా బండి పట్టదు. రెండు వీధుల అవతల ఆపి, సంచులు మోసుకుంటూ నడిచి వస్తాం. చిన్న కారు ఉన్న రోజుల్లో ఇంత వ్యాయామం ఎక్కడిది? ఇక ఇరుగుపొరుగుతో స్నేహం అంటారా, మావారు బండిని పార్కింగులో పెట్టేటప్పుడు నలుగురు ఇళ్లలోంచి వచ్చి "రండి, రండి, ఇంకాస్త, ఆగండాగండి!" అని అరుస్తారు. ఇదివరకు వీళ్లెవరూ మాతో మాట్లాడేవారే కాదు.

అసలు సామర్థ్యం అనేది దాచుకోవాల్సిన వస్తువు. వాడితే అరిగిపోతుంది! మా గాజు బీరువాలో డిన్నర్ సెట్ చూడండి, అతిథుల కోసం కొన్నది, ఏ అతిథీ ఇంకా దానికి అర్హత సంపాదించుకోలేదు. బాల్కనీలో వ్యాయామం సైకిలు తువాళ్లు ఆరేసుకోవడానికి ఎంత బాగుంటుందో! అంతదాకా ఎందుకు, నా భూగర్భశాస్త్రం డిగ్రీనే తీసుకోండి. మట్టినీ రాళ్లనీ మూడేళ్లు చదివి తెచ్చుకున్నాను. ఇరవై రెండేళ్లుగా బియ్యంలో రాళ్లు ఏరడానికి తప్ప దాన్ని వాడలేదు. ఒక్క గీత పడిందా?

నా డ్రైవింగ్ లైసెన్సూ అంతే. పాత చిన్న కారుని ఆరేళ్లు నేనే నడిపాను. దాన్ని అమ్మేసి ఈ బండి తెచ్చిన రోజున మావారు "పెద్ద బండి, నీకు కష్టం" అన్నారు, ఎంతో ప్రేమగా. అప్పట్నుంచీ లైసెన్సు బీరువాలో భద్రంగా ఉంది.

ఇంత చక్కటి సిద్ధాంతానికి ఒక్కరే అడ్డు. మా అత్తగారు.

ఆవిడ చెల్లెలు ఊరి అవతలి కొసన ఉంటారు. ప్రతి గురువారం అక్కాచెల్లెళ్లిద్దరూ పేకాట ఆడేవారు. ఎవరు ఎక్కువ దొంగాట ఆడతారన్న తగువు నలభై ఏళ్లుగా తేలలేదు. ఆ ఇంటికి వెళ్లే సందు మట్టిది. వానొస్తే బురద, రాకపోతే దుమ్ము. మా పాత డొక్కు కారు మూలుగుతూనో ముక్కుతూనో గేటు దాకా వెళ్లేది. కొత్త బండి తొలిసారే సందు మొదట్లో ఆగిపోయింది.

"ఇక్కణ్ణించి నడవగలవా అమ్మా? బండికి బురదైపోతుంది" అన్నారు మావారు.

అత్తగారు బురద కేసి చూశారు, తన మోకాళ్ల కేసి చూసుకున్నారు. "ఇంటికి పోదాం పదరా" అన్నారు.

నాలుగు నెలలైంది. చెల్లెలికి కంటి ఆపరేషను అయింది, ఆవిడ రాలేరు. ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. "ఫోన్లో ముక్కలెలా దాస్తామే?" అని అత్తగారు అంటుంటే విని నవ్వాను. ఫోను పెట్టేశాక ఆవిడ పేక తీసి, ఒక్కరే కాసేపు కలిపి, మళ్లీ పెట్టెలో సర్దడం చూశాక నవ్వు రాలేదు.

శనివారం కూరలకని బయల్దేరి, బస్సెక్కి ఆ సందు దాకా వెళ్లాను. గొడుగు కొసతో పదిచోట్ల పొడిచి చూశాను. పైన నాలుగు వేళ్ల బురద, అడుగున గట్టి మొరం. నా డిగ్రీ మీద మొదటి గీత పడింది.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నాక చెప్పాను.

"ఈ గురువారం అత్తయ్యని నేను తీసుకెళ్తున్నాను. పెద్ద బండిలోనే. గేటు దాకా."

మావారి చేతిలో ముద్ద గాల్లో ఆగింది. "ఆ సందులోకా? అంతా బురద!"

"అది బురదలో వెళ్లే బండే కదా నాన్నా?" అంది మా అమ్మాయి.

"వెళ్లగలదు. వెళ్లగలదు కానీ... అది వేరే విషయం."

"నాలుగు వేళ్ల బురద, కింద మొరం. చూసొచ్చాను" అన్నాను, ఆయన గ్లాసులో నీళ్లు పోస్తూ.

"నీకు అంత పెద్ద బండి అలవాటు లేదు."

"మీకు బురద అలవాటు లేదుగా!"

మావారు చేతిలో ముద్దని మళ్లీ కంచంలోనే పెట్టేశారు. ఓడిపోయినవాళ్లని మరీ నొక్కకూడదు కనుక నేనే ఒక మెట్టు దిగాను.

"స్టూలు సంగతిలో మాత్రం మీరే గెలిచారు. అది బండిలోనే ఉంటుంది. అత్తయ్య ఎక్కాలి కదా!"

"మరి చక్కెర?"

"డాక్టరు తగ్గించమన్నాడుగా!"

అంతసేపూ తలొంచుకుని తింటున్న అత్తగారు అప్పుడు నోరు విప్పారు.

"ఒరేయ్, ఆ గుండ్రటి మీట మీద ప్లాస్టిక్ కాయితం ఒకటుంది చూడు. అప్పటిదాకా దాని మీద ఎవరూ చెయ్యెయ్యకండి. గురువారం నేనే పీకుతా."